వెలుగు చేసే గుణకారం

శ్రోతలకు నమస్కారం.

కృత్రిమ మేధ ఇచ్చే ప్రతి జవాబు వెనుకా ఉన్నది ప్రధానంగా గుణకారాలు, కూడికలు. కోట్లకు కోట్ల గుణకారాలు, కూడికలు. విచిత్రమేమిటంటే, మామూలు చిప్‌లో అంకెలను గుణించడానికయ్యే విద్యుత్తు కంటే వాటిని మెమరీ నుంచి తీసుకురావడానికయ్యే విద్యుత్తే తరచుగా ఎక్కువ. సరుకు ధర కంటే మోత కూలి ఎక్కువైనట్టు! మరి ఆ గుణకారాన్ని వెలుగుకు అప్పగిస్తే?

2017లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో ఈచెన్ షెన్, నికొలస్ హారిస్, వారి సహచరులు ఆ పని చేసి చూపారు. ఈ ప్రయోగమంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, ఎందుకంటే వారు ఎంచుకున్న పరీక్ష అచ్చులు. మనుషులు పలికిన నాలుగు అచ్చుల్లో ఏది ఏదో చిప్ గుర్తుపట్టాలి. రేడియోలో మాట్లాడేవారికి ఇంతకంటే ఏం కావాలి!

ఆ చిప్‌లో కాంతి నడిచేది వెంట్రుక కంటే సన్నని సిలికాన్ దారుల్లో. లేజర్ కాంతి ఒక దారిలో వచ్చి రెండు పాయలుగా చీలుతుంది. ఒక పాయను చిన్న హీటరు కాస్త వేడి చేస్తుంది. వేడెక్కిన సిలికాన్‌లో కాంతి కొద్దిగా వెనకబడుతుంది. పాయలు మళ్ళీ కలిసే చోట అల ఎత్తు మీద అల ఎత్తు పడితే కాంతి పెరుగుతుంది, ఎత్తు మీద పల్లం పడితే ఆరిపోతుంది. అంటే, వేడిని సరిచేసి, వచ్చిన కాంతిలో ఎన్నో వంతు ముందుకు పోవాలో మనమే నిర్ణయించవచ్చు. ఎన్నో వంతు అంటే ఏమిటి? గుణకారమే కదా! అలాంటి అమరికలు 56 ఉన్నాయి ఆ చిప్‌లో. కాంతి ఇటు దూరి అటు వచ్చేసరికి లెక్క పూర్తి.

ఫలితం? ఆ నాలుగు అచ్చులనే పలికిన 180 ఉచ్చారణల్లో మామూలు కంప్యూటర్ 165 గుర్తుపట్టింది. వెలుగు చిప్ 138. ఓడిపోయిందనే చెప్పాలి. పైగా గుణకారాల మధ్య వచ్చే మరో రకం లెక్కను కంప్యూటరే చేసిపెట్టింది. అయినా, కాంతి అచ్చును పోల్చుకుందన్న మాట నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఇక అసలు సంగతి, కరెంటు. విద్యుత్తు ఆదా చేస్తామంటూ చిప్ నిండా హీటర్లు పెట్టారు చూశారా? లేజర్‌కూ కరెంటు కావాలి. అంకెను వెలుగుగా మార్చాలి, వెలుగును తిరిగి అంకెగా మార్చాలి. అక్కడా ఖర్చే. కాబట్టి “వెలుగు చిప్ ఇన్ని రెట్లు పొదుపు” అని ఎవరైనా అంటే ఒక్కటే అడగండి: లేజర్‌నూ, ఈ మార్పిడినీ లెక్కలో కలిపారా?

కలిపినా గిట్టుబాటయ్యే దారి ఉంది. 4 అంకెలు లోపలికి పంపి 4 బయటికి తీస్తే జరిగేవి 16 గుణకారాలు. 100 పంపి 100 తీస్తే 10,000. మార్పిడి ఖర్చు 25 రెట్లు పెరిగితే, పని 625 రెట్లు పెరిగింది. అందుకే పరిశోధకులు పెద్ద చిప్‌ల వెంట పడుతున్నారు. అయితే దారి పొడవు పెరిగేకొద్దీ కాంతి నష్టపోతుంది, చిన్న చిన్న పొరపాట్లు పోగుపడతాయి. ప్రస్తుతం పోరాటమంతా అక్కడే.