జీఆర్‌ఈ మాటల గొడవ: లిస్టు పక్కన పెట్టి ఓసారి వినండి

ముందుగా ఒక ఇంగ్లిష్ మాట చెబుతాను. ఎనర్వేట్. డిక్షనరీ ముట్టుకోకుండా దీని అర్థమేంటో ఐదు సెకన్లలో చెప్పండి.

ఎనర్జీ ఇవ్వడం అనుకున్నారా? మొదటి మాక్ టెస్టులో నేనూ అలాగే అనుకుని బోల్తా పడ్డాను. అసలు అర్థం దానికి పూర్తిగా తలకిందులు. నీరసపరచడం, ఉన్న సత్తువ కాస్తా లాగేయడం. లాటిన్‌లో నెర్వస్ అంటే నరం. ముందున్న ఎ అంటే బయటికి. నరాలు బయటికి పీకేస్తే మనిషి చతికిలబడక ఏం చేస్తాడు?

ఇవాళ్టి సంగతి ఇదే. విదేశాల్లో పీజీ చదువులకు రాసే జీఆర్‌ఈ పరీక్షలో వర్బల్, అంటే ఇంగ్లిష్ భాషా విభాగం కోసం మాటలు ఎలా నేర్చుకోవాలి? దానికి ముందు ఇంకో చిన్న పని. ఒక ప్రశ్న ఇస్తాను, దాన్ని మనసులో నానబెట్టండి. జవాబు చివర్లో చూద్దాం. వాక్యాన్ని తెలుగులోనే చెబుతాను: 'ఆ విమర్శకుడి కలం ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. అందుకే కొత్త నాటకం మీద ఆయన రాసిన ఫలానా సమీక్ష చదివి పాఠకులు నిర్ఘాంతపోయారు.' ఆ 'ఫలానా' దగ్గర ఖాళీ ఉంది. ఆప్షన్లు ఆరు: వర్బోస్, ప్రోలిక్స్, కాస్టిక్, మోర్డెంట్, లాడటరీ, టార్డీ. వీటిలో రెండు ఎంచుకోవాలి. రెండూ వాక్యంలో ఇమడాలి, రెండింటితోనూ వాక్యానికి ఒకే అర్థం రావాలి. సెంటెన్స్ ఈక్వివలెన్స్ అనేది దీన్నే. గుడ్డిగా కొడితే తగిలే అవకాశం పదిహేనింట ఒకటి.

సరే, లిస్టుల సంగతికొద్దాం. వేల మాటల పీడీఎఫ్‌లు మీ ఫోన్లో కూడా ఉండే ఉంటాయి. అవి ఎక్కడి నుంచి పుట్టాయి? ఒకప్పుడు జీఆర్‌ఈలో ఆంటొనిమ్స్ (వ్యతిరేకార్థాలు), ఎనాలజీస్ (మాటల జంటల మధ్య పోలిక పట్టే ప్రశ్నలు) ఉండేవి. ఒక మాట ఒంటరిగా ఇచ్చి దానికి వ్యతిరేకార్థం చెప్పమనేవాళ్లు. అప్పుడు లిస్టు బట్టీ పట్టడంలో ఒక న్యాయం ఉంది. 2011 ఆగస్టులో ఆ రెండింటినీ తీసేశారు. అప్పటి నుంచి ఖాళీలు పూరించే ప్రశ్నల్లో మాట ఎప్పుడూ ఒక వాక్యంలోనే కూర్చుని ఉంటుంది. పరీక్ష మారింది, లిస్టులు మాత్రం పాత అలవాటుతో చేతులు మారుతూనే ఉన్నాయి. 2023 సెప్టెంబరులో పరీక్షను ఇంకా కుదించారు. ఇప్పుడు వర్బల్ మొత్తం 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. అందులో సుమారు సగం రీడింగ్ కాంప్రహెన్షనే, అంటే పేరా చదివి జవాబులు చెప్పడం. మిగతా సగంలోనే మనం చెప్పుకుంటున్న మాటల ఆట. మూడు ఖాళీల ప్రశ్న వచ్చిందనుకోండి, రెండు సరిగ్గా పెట్టి మూడోది తప్పితే సగం మార్కు కూడా రాదు. సున్నాయే. అంటే అరకొరగా తెలిసిన మాట తెలియని మాట కిందే లెక్క.

నేను చేసిన ఘనకార్యం చెబుతాను. ఒక లావుపాటి నోట్‌బుక్ కొని అబేట్, అబెరెంట్, అబేయన్స్ అంటూ మొదలుపెట్టాను. ఎడమ వైపు మాట, కుడి వైపు అర్థం. ఎ అక్షరంలో మహా పండితుణ్ణి, సిలో ఫర్వాలేదు, డి సగంలో నోట్‌బుక్ మూతపడింది. ఎం నుంచి మొదలయ్యే మాటలతో నాకు ముఖపరిచయం కూడా లేదు. పరీక్ష పెట్టేవాళ్లకు అక్షరమాల వరసతో పనేముంది చెప్పండి!

డిలో ఆగిపోవడం కంటే పెద్ద తప్పు ఆ కుడి వైపు గడిలో ఉంది. ఫ్రూగల్ ఎదురుగా 'తక్కువ ఖర్చు పెట్టేవాడు' అని ఇంగ్లిష్‌లో రాసుకున్నాను. పార్సిమోనియస్ ఎదురుగానూ అదే రాసుకున్నాను. నోట్‌బుక్ లెక్కలో ఇద్దరూ ఒకటే. కానీ మన భాషలో ఎప్పుడైనా పొదుపరినీ పిసినారినీ కలిపేస్తామా? మొదటిది మెచ్చుకోలు, రెండోది తిట్టు. ఫ్రూగల్ పొదుపరి, పార్సిమోనియస్ పిసినారి. ఇంత చక్కటి తేడా మన నోట్లోనే ఉండగా, ఇంగ్లిష్ మాటకు ఇంగ్లిష్ అర్థం రాసుకుని ఆ తేడాను చేజేతులా చెరిపేసుకున్నాను.

దీన్ని నేను మాట బుద్ధి అంటాను. ప్రతి మాటకూ అర్థంతో పాటు ఒక బుద్ధి ఉంటుంది. పొగిడే బుద్ధో, ఎత్తిపొడిచే బుద్ధో, ఏదీ కాని తటస్థ బుద్ధో. టెనేషస్ చూడండి, పట్టుదల. ఆబ్‌స్టినేట్, మొండిపట్టు. రెండింట్లోనూ పట్టు ఉంది, బుద్ధులు వేరు. తక్కువ మాట్లాడేవాళ్ల సంత ఇంకా బాగుంటుంది. టర్స్ అంటే మనం 'కట్టె, కొట్టె, తెచ్చె' అంటామే, అదీ. టాసిటర్న్ అంటే స్వభావం చేతనే ముభావంగా ఉండే మనిషి. రెటిసెంట్ అంటే మాటలు రాక కాదు, మనసు విప్పడం ఇష్టం లేక ఊరుకునేవాడు. లకానిక్ అంటే తక్కువ మాటల్లో సూటిగా తగిలించేవాడు. ఈ లకానిక్ వెనక గ్రీసులో స్పార్టా ఉన్న లకోనియా ప్రాంతం ఉంది. 'నేను మీ నేలలో అడుగుపెట్టానా, మిమ్మల్ని నేలమట్టం చేస్తాను' అని మాసిడోనియా రాజు ఫిలిప్ బెదిరిస్తే, స్పార్టా వాళ్లు పంపిన జవాబు ఒకే ఒక్క మాట అని పాత కథ. 'అయితే!' ఈ కథ విన్నాక లకానిక్‌ను ఎవరైనా మర్చిపోగలరా?

కథలున్న మాటలు అలాగే అతుక్కుపోతాయి. పాత గ్రీకు వైద్యంలో ఒంట్లో నాలుగు ద్రవాలని నమ్మేవాళ్లు. వాతం, పిత్తం, కఫం తెలిసిన మనకు ఇదేమీ వింత కాదు. ఫ్లెగ్మాటిక్ అంటే కఫం మనిషి, దేనికీ చలించడు. కొలెరిక్ అంటే పిత్తం మనిషి, ముక్కు మీదే కోపం. మెలాంకలీ అంటే నల్ల పిత్తం, దిగులు. సాంగ్విన్ అంటే రక్తం నిండుగా ఉన్నవాడు, ఉల్లాసి, ఆశావాది. ఇక్కడ ఒక గుంట ఉంది, చూసుకుని నడవండి. సాంగ్వినరీ అంటే రక్తపాతంతో నిండినది. ఒకే రక్తం, ఒకటి నవ్విస్తుంది, ఇంకొకటి చంపుతుంది.

అందుకే రూట్స్, అంటే మాటల మూలాలు నేర్చుకోండి కానీ వాటిని పూర్తిగా నమ్మకండి. నాయ్‌సమ్‌లో నాయిస్ లేదు, దుర్గంధం ఉంది. అది అనాయ్‌కి చుట్టం. రెస్టివ్ అంటే విశ్రాంతిగా ఉండటం కాదు, కుదురు లేకపోవడం. ముందుకు కదలనని మొరాయించే గుర్రం గురించి పుట్టిన మాట అది. మొరాయించే గుర్రం ఊరికే నిలబడదు కదా, తన్నుతుంది, గింజుకుంటుంది.

ఇక అందరూ దాటేసే సంగతి. నా లెక్కలో అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది. తెలియని మాట వస్తే కనీసం తెలియదని తెలుస్తుంది. తెలిసిన మాట వేరే అర్థంతో వస్తే? క్వాలిఫై అంటే అర్హత సాధించడం అని చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ క్వాలిఫైడ్ ప్రెయిజ్ అంటే అర్హత గల పొగడ్త కాదు. 'బాగుంది, కాకపోతే...' అని నసుగుతూ ఇచ్చే పొగడ్త. ఫ్లాగ్ అంటే జెండాయే. క్రియగా వస్తే ఉత్సాహం సన్నగిల్లడం. చెక్ అంటే అడ్డుకట్ట. టెంపర్ అంటే తీవ్రత తగ్గించడం. వాంట్ అంటే లేమి. పెడెస్ట్రియన్ అంటే పస లేనిది. హస్బెండ్ క్రియగా వస్తే జాగ్రత్తగా, పొదుపుగా వాడుకోవడం. దీని మీద జోకులు కామెంట్లలో మీరే వేసుకోండి, నేను తప్పుకుంటాను. ఇలాంటి మాటలకు మాత్రం విడిగా ఒక పేజీ పెట్టుకోండి. లిస్టు చెయ్యదగ్గవి ఏవైనా ఉన్నాయంటే ఇవే.

జ్ఞాపకం గురించి క్లుప్తంగా. 1885లోనే ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల గుంపులు బట్టీ పట్టి, తన మీద తనే ప్రయోగం చేసుకుని, మరుపు మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా సాగుతుందని చూపించాడు. కాబట్టి ఒక్క రోజు పదిసార్లు చదవడం కన్నా ఎడం పెంచుకుంటూ పది రోజుల్లో చదవడం మేలు. 1970ల్లో జర్మనీలోనే లైట్నర్ అనే జర్నలిస్టు దీన్ని కార్డుల పెట్టెగా మార్చాడు. గుర్తొచ్చిన కార్డు తర్వాతి పెట్టెలోకి, అంటే ఎక్కువ రోజుల తర్వాత చూసేదాంట్లోకి వెళ్తుంది. గుర్తు రానిది మళ్లీ మొదటి పెట్టెలోకి. అంకీ లాంటి యాప్‌లు చేసేదీ ఇలాంటి పనే.

కానీ యాప్‌లో వేరేవాళ్లు చేసిన కార్డులు దించుకుని తిప్పేస్తుంటే, చూస్తే తెలిసినట్టే ఉంటుంది, మూస్తే ఏమీ ఉండదు. మీ కార్డు మీరే రాసుకోండి. ముందు వైపు మాట కాకుండా, ఆ మాట ఉండాల్సిన చోట ఖాళీ ఉన్న వాక్యం రాయండి. వెనక వైపు ఆ మాట, దాని బుద్ధికి సరిపడే తెలుగు మాట. అంతే. తెలుగులో ఒక్క మాట దొరక్కపోతే రెండు మాటలు రాయండి. ఉదాహరణకు యాంబివలెంట్. దీన్ని చాలామంది పట్టనితనం అనుకుంటారు. కాదు, అది రెండు మనసుల మనిషి. అటూ లాగుతుంది, ఇటూ లాగుతుంది. పట్టనివాడు ఇండిఫరెంట్. రోజుకు పది కార్డులు రాస్తే చాలు. యాభై రాస్తాననే వీరులు నాలుగో రోజు నా డి అక్షరం దగ్గర కలుస్తారు.

ఇప్పుడు మన ప్రశ్న. వర్బోస్, ప్రోలిక్స్ పెట్టారా? రెండూ సాగదీత మాటలే, అచ్చమైన జంట. అందుకే వాటిని అక్కడ పెట్టారు, మిమ్మల్ని పట్టుకోవడానికి. వాక్యంలో ఉన్నది కలం మెత్తదనం. నిర్ఘాంతపోవాలంటే దానికి ఎదురుతిరిగే మాట రావాలి. పొడుగుతో ఏం పని? లాడటరీ అంటే పొగిడేది, అది మెత్తదనానికి ఎదురు కాదు. టార్డీ అంటే ఆలస్యం. జవాబు కాస్టిక్, మోర్డెంట్. కాస్టిక్ సోడా ఒంటి మీద పడితే ఏమవుతుందో తెలుసుగా, ఆ సమీక్షా అలా కాల్చేసేదే. మోర్డెంట్ లాటిన్‌లో కొరకడం నుంచి వచ్చింది. రిమోర్స్ అనే మాట విన్నారా, పశ్చాత్తాపం? దాని లోపలా ఇదే కొరుకుడు ఉంది. చేసిన తప్పు మనసును మళ్లీ మళ్లీ కొరుకుతుందన్నమాట.