పీడీఎఫ్ ప్లాన్‌ను ఆటోక్యాడ్‌లోకి తెస్తే చేతికి వచ్చేది ఎంత?

నమస్కారం. ఇల్లు కట్టించుకునేవారు ఒక పీడీఎఫ్ పంపి, "వంటగది గోడ కాస్త జరపండి, అయిదు నిమిషాల పనే కదా" అంటారు. అసలు డీడబ్ల్యూజీ ఫైలు, అంటే మార్పులు చేయడానికి వీలైన మూల డ్రాయింగ్, ఎవరి దగ్గర ఉందో వారికీ తెలియదు. అందుకే ఈ రోజు ప్లాన్లు గీసే ప్రోగ్రాం ఆటోక్యాడ్‌లోని పీడీఎఫ్ ఇంపోర్ట్‌ను, అంటే పీడీఎఫ్‌ను సవరించగల గీతలుగా మార్చే సదుపాయాన్ని, పరీక్షిద్దాం. ఇది 2017 వెర్షన్‌తో వచ్చింది.

ముందు ఫైలును బాగా జూమ్ చేయండి. గీత పదునుగానే ఉంటే సరే. చుక్కలుగా చెదిరిందంటే అది స్కాన్ చేసిన కాగితం. బొమ్మగానే వస్తుంది, దాని మీద మళ్లీ గీసుకోవలసిందే.

నా ఫైలు మంచిదే. ఇవిగో, గోడలు వచ్చాయి. పీడీఎఫ్‌లో లేయర్లు (గోడలు, తలుపులు వంటివాటిని విడివిడిగా ఉంచే పొరలు) మిగిలి ఉంటే అవీ వస్తాయి. ఇప్పుడు ఈ తలుపును పట్టుకుంటాను... చూశారా, తలుపు కాదు, విడివిడి గీతలు! గీతలన్నిటినీ ఒకే వస్తువుగా కట్టి ఉంచే బ్లాకు పోయింది. కొలత చూపే డైమెన్షన్ కూడా అంతే, బాణం వేరు, అంకె వేరు. గోడ జరిపినా అంకె మారదు. ప్రోగ్రాంను తిట్టి లాభం లేదు. పీడీఎఫ్‌కు వృత్తమంటేనే తెలియదు, గుండ్రని స్తంభాన్నీ వంపు ముక్కలతో అతికిస్తుంది. ఆటోక్యాడ్ సొంత ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంటు అక్షరాలు కూడా గీతలై వస్తాయి. వాటిని తిరిగి అక్షరాలు చేయడానికి పీడీఎఫ్‌ఎస్‌హెచ్‌ఎక్స్‌టెక్స్ట్ అనే కమాండ్ ఉంది. పేరు పలికేలోపే పని అయిపోతుంది!

అసలు చిక్కు స్కేలుతోనే. పీడీఎఫ్‌లో ఉండేది కాగితం కొలత. 1:100 ప్లాన్‌లో 10 అడుగుల గోడ 1.2 అంగుళాలే. స్కేల్ కమాండ్‌లో రిఫరెన్స్ (ఒక గీతను చూపి దాని అసలు కొలత చెబితే, ప్లాన్ అంతటినీ ఆ లెక్కన మార్చే పద్ధతి) ఎంచుకుని, ప్లాన్‌లో రాసి ఉన్న అన్నిటికన్నా పెద్ద కొలతను పట్టుకోండి. నేనొకసారి రెండున్నర అడుగుల బాత్రూం తలుపుతో సరిచేశాను. పక్కనున్న ప్లాస్టరింగ్ గీత మీద క్లిక్ పడి అర అంగుళం తప్పింది. 40 అడుగుల ప్రహరీ దగ్గరకు వచ్చేసరికి అది 8 అంగుళాలైంది. పిల్లర్ల కొలతలు ఇచ్చేశాక తెలిసి ఉంటే నా గతి ఏమయ్యేదో!

ఆటోక్యాడ్ లేనివారు ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో పీడీఎఫ్ తెరిచి డీఎక్స్ఎఫ్‌గా (ఇతర డ్రాయింగ్ ప్రోగ్రాములూ తెరవగల ఫైలుగా) దాచుకోవచ్చు. చిన్న ప్లాన్‌కు చాలు, పెద్దదైతే గీతలు ఏరుకోవడంలోనే పొద్దుపోతుంది. ప్లాన్‌ను చూడడానికి మాత్రమే పంపే డీడబ్ల్యూఎఫ్ ఫైలునైతే ఆటోక్యాడ్ కింద పరిచి చూపిస్తుందే తప్ప సవరించనివ్వదు.

గోడ జరిపేశాను. మొత్తం నలభై నిమిషాలు, అందులో సగం కొలతలు సరిచూడడానికే. బిల్లు మాత్రం వారు అయిదు నిమిషాలకే ఇస్తామంటున్నారు.