బైక్ డిస్క్ బ్రేక్ ఆయిల్ డబ్బా క్లీనింగ్, పాత ఆయిల్ మార్చడం

హాయ్ అండి, ఇవాళ ముందు డిస్క్ బ్రేక్ ఆయిల్ మారుద్దాం. ఇదిగో, హ్యాండిల్ మీద ఈ డబ్బాకి గుండ్రటి అద్దం ఉంది కదా, దగ్గరగా చూపిస్తున్నా చూడండి. కొత్త ఆయిల్ అయితే లేత పసుపులో తేటగా ఉండాలి, ఇది డికాక్షన్‌లా నల్లగా అయిపోయింది. పల్సర్ అయినా అపాచీ అయినా యూనికార్న్ అయినా, ముందు డిస్క్ ఉంటే పద్ధతి ఇదే.

ఎందుకు మార్చాలి అంటే, ఈ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ అంటే బ్రేక్ ఆయిల్ గ్రేడు, అందులో డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అదే 3.7 శాతం నీళ్లు పట్టాక 155 డిగ్రీలు తట్టుకుంటే చాలు, స్టాండర్డ్ పాసైనట్టే. మామూలు రోడ్డు మీద తేడా తెలియదు, కానీ తిరుమల నుంచి కిందికి దిగేటప్పుడు బ్రేక్ పట్టుకునే ఉంటాం కదా, అక్కడ ఆయిల్ మరిగి ఆవిరైతే లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు. అందుకే ఎంత తక్కువ తిరిగిన బండికైనా రెండేళ్లకోసారి మార్చాలి.

కావాల్సినవి: డబ్బా మూత మీద ఏ డాట్ రాసుంటే ఆ ఆయిల్, ఇక్కడ డాట్ 4 అని ఉంది. డాట్ 5 మాత్రం తేవద్దు, అది సిలికాన్, దీంతో కలవదు. డాట్ 5.1 వేరు, అది సిలికాన్ కాదు, దాన్ని చూసి కంగారు పడకండి. మెడికల్ షాపు సిరంజి, అక్వేరియం షాపులో దొరికే ట్రాన్స్‌పరెంట్ పైపు, 8 నంబర్ రింగ్ స్పానర్, పోగులు ఊడని గుడ్డ, ఒక బకెట్ నీళ్లు. నీళ్లు ఎందుకంటే ఈ ఆయిల్ పెట్రోల్ ట్యాంకు మీద పడితే పెయింట్ లేచిపోతుంది, పడిన వెంటనే నీళ్లు పోసి కడిగేయాలి. ట్యాంకు మీద గుడ్డ కప్పేశా. వాన పడే రోజు ఈ పని పెట్టుకోకండి.

బండి సెంటర్ స్టాండ్ వేసి, హ్యాండిల్ తిప్పి డబ్బా సమంగా ఉండేలా పెట్టుకోండి. మూతకి రెండు స్క్రూలు. ఇవి మెత్తవి, సైజు సరిపోని స్క్రూడ్రైవర్ పెడితే తల అరిగిపోతుంది. నేనైతే స్క్రూడ్రైవర్ పెట్టి వెనక సుత్తితో రెండు చిన్న దెబ్బలు కొట్టి, గట్టిగా నొక్కిపట్టి తిప్పుతా. వచ్చేసింది. మూత, దాని కింద ప్లాస్టిక్ ప్లేటు, దాని కింద రబ్బరు. రబ్బరు కిందికి సాగిపోయింది కదా, కడిగి, పూర్తిగా ఆరబెట్టి, దాని మడతలు మళ్లీ లోపలికి నొక్కేయండి.

ఇప్పుడు అసలు పని. చాలామంది నల్ల ఆయిల్ మీదే కొత్తది పోసి లివర్ కొట్టడం మొదలుపెడతారు. అలా చేస్తే అడుగున ఉన్న మడ్డి అంతా పైపులోకి, అక్కడి నుంచి చక్రం దగ్గర డిస్క్‌ని పట్టుకునే క్యాలిపర్‌లోకి పోతుంది. ముందు డబ్బా శుభ్రం చేయాలి, తర్వాతే ఫ్లష్, అంటే పైపులోని పాత ఆయిల్ బయటికి తోసేయడం. సిరంజితో మొత్తం లాగేయండి, ఈలోపు లివర్ ముట్టుకోవద్దు, గాలి దూరుతుంది. గుడ్డకి కొత్త బ్రేక్ ఆయిలే కొద్దిగా తడిపి అడుగు తుడవండి. పెట్రోల్ వద్దు, కిరోసిన్ వద్దు, తుప్పు వదిలించే స్ప్రేలు అసలే వద్దు, లోపల రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి.

ఇదిగో, ఇక్కడ ఆగండి, జూమ్ చేస్తున్నా. అడుగున రెండు రంధ్రాలు ఉన్నాయి. పెద్దది కనిపిస్తుంది, ఈ చిన్నది, సూది మొనంత ఉంది చూడండి, ఇదే అందరినీ ఏడిపించేది. కొన్ని బండ్లలో దీని మీద చిన్న రేకు ఉంటుంది, అది తీస్తే గానీ కనపడదు. బ్రేక్ వదిలాక వేడికి పెరిగిన ఆయిల్ వెనక్కి వచ్చే దారి ఇదే. మడ్డితో మూసుకుపోతే పది కిలోమీటర్లు తిరిగేసరికి ప్యాడ్లు డిస్క్‌ని పట్టేసుకుంటాయి, చక్రం చేత్తో తిప్పినా తిరగదు, కాసేపు చల్లారితే మళ్లీ మామూలే. మనం క్యాలిపర్ పాడైందనుకుని డబ్బులు పోసి అదంతా విప్పిస్తాం, రోగం ఇక్కడ ఉంటుంది. పిన్నీసు పెట్టి పొడవొద్దు, కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి మెల్లగా ఆడించండి. కొత్త ఆయిల్ కొంచెం పోసి మళ్లీ సిరంజితో లాగేయండి. ఇప్పుడు పై గీత దాకా నింపి, లివర్‌ని కొద్దికొద్దిగా, ఊరికే తాకినట్టు నొక్కండి. చూశారా, చిన్న రంధ్రంలోంచి చుక్క పైకి చిమ్మింది! అంటే దారి తెరుచుకుంది. మొహం మాత్రం దూరంగా పెట్టుకోండి, కళ్లజోడు ఉంటే ఇంకా మంచిది.

మిగతాది త్వరగా చేసేద్దాం. క్యాలిపర్ మీద ఆయిల్ బయటికి వదిలే చిన్న బోల్టు ఉంటుంది, అదే నిపుల్. దానికి ముందు రింగ్ స్పానర్, దాని మీద పైపు, పైపు రెండో కొస బాటిల్లో. లివర్ నొక్కిపట్టు, నిపుల్ పావు చుట్టు తెరువు, లివర్ హ్యాండిల్ దాకా వెళ్తుంది, నిపుల్ మూసెయ్, అప్పుడు లివర్ వదులు. మూయకముందు వదిలితే గాలి లాగేస్తుంది, మళ్లీ మొదటి నుంచి. నాలుగైదుసార్లకి ఒకసారి పైన ఆయిల్ చూసుకుంటూ పోస్తుండండి, అడుగంటనివ్వొద్దు. నిపుల్ దగ్గర సిరంజితో లాగితే తొందరగా అయిపోతుంది కానీ, నిపుల్ థ్రెడ్ల పక్క నుంచి గాలి వచ్చి బుడగలు కనిపిస్తూనే ఉంటాయి, నాకైతే లివర్ పద్ధతే నచ్చుతుంది. ఏబీఎస్ ఉన్నా ఇంతే, గాలి మాత్రం లోపలికి పోనివ్వకండి, పోతే సర్వీస్ సెంటర్ మెషీన్‌తో తీయించాల్సి రావచ్చు.

చూడండి, నలుపు, తర్వాత గోధుమ రంగు, ఇప్పుడు తేట. చాలు. నిపుల్ బిగించండి, మరీ బలమంతా పెట్టకండి, తెగిపోతుంది. రబ్బరు టోపీ పెట్టండి, మూత వేయండి, నీళ్లతో ఒకసారి కడిగేయండి. పాత ఆయిల్ మోరీలో పారబోయొద్దు, కూల్‌డ్రింక్ బాటిల్లో అసలే ఉంచొద్దు, విషం, పిల్లలు తాగేస్తారు. వేరే డబ్బాలో మూత పెట్టి, పేరు రాసి, తీసుకునే గ్యారేజీ ఉంటే ఇచ్చేయండి. కొత్త డబ్బాలో మిగిలింది వచ్చే ఏడాదికి దాచుకోవద్దు, ఒకసారి తెరిచాక అదీ తేమ పట్టేస్తుంది.

లివర్ గట్టిగా ఉందా? చక్రం ఎత్తి తిప్పితే తేలిగ్గా తిరుగుతోందా? అయితే వీధిలోనే నెమ్మదిగా రెండు రౌండ్లు వేసి బ్రేక్ చూసుకోండి. రేపు పొద్దున్న బండి తీసే ముందు నిపుల్ చుట్టూ వేలు పెట్టి చూడండి, తడి తగిలితే ఇంకొంచెం బిగించాలి.