ఉపాధి హామీ: వలస వెళ్లి తిరిగొచ్చినోళ్లకు చిక్కు ఎక్కడొచ్చింది?

యాంకర్: 2020 ఏప్రిల్, మే నెలల సంగతి, అప్పటి ఉపాధి హామీ నియమాలతోనే మాట్లాడుకుందాం. ముంబై, పుణెల నుంచి పాలమూరు వాళ్లు, గుజరాత్ రేవుల నుంచి శ్రీకాకుళం మత్స్యకారులు ఊళ్లకు చేరారు. అందరికీ ఒకటే మాట: "ఉపాధి పనికి పోండి." పోతే పని దొరికిందా అన్నా?

అతిథి: పని ఉందమ్మా. మార్చి 25న లాక్‌డౌన్ పెట్టారు, ఏప్రిల్ 20 నుంచి ఈ పనులకు సడలింపు ఇచ్చారు. మన రెండు రాష్ట్రాల్లోనూ కూలి 211 నుంచి 237 రూపాయలకు పెరిగింది. బడ్జెట్‌లో పెట్టిన 61,500 కోట్లకు తోడు మే నెలలో కేంద్రం ఇంకో 40,000 కోట్లు ప్రకటించింది. చిక్కల్లా జాబ్ కార్డు దగ్గర, అంటే పని అడగడానికి కుటుంబానికి ఇచ్చే కార్డు దగ్గర.

యాంకర్: కార్డే లేదా?

అతిథి: చాలా ఇళ్లలో ఉంది. కానీ అందులో అమ్మానాన్నల పేర్లే. కొడుకు, కోడలు ఊళ్లో లేరు కాబట్టి ఎక్కించలేదు, లేదా తీసేశారు. తిరిగొచ్చాక పేరు కలిపితే, అప్పటి చట్టం ఏడాదికి ఇచ్చిన 100 రోజుల పనినే అందరూ పంచుకోవాలి. మనిషికి వంద కాదు, కుటుంబానికి వంద. నలుగురు పనికి పోతే తలా 25 రోజులు, నెలలో అయిపోతాయి.

యాంకర్: మరి కొడుకు వేరు కాపురమైతే?

అతిథి: అప్పుడు పేరు కలపమని అడగడం పొరపాటు. కొత్త కార్డుకే దరఖాస్తు పెట్టాలి. 15 రోజుల్లో ఇవ్వాలని చట్టంలోనే ఉంది. పాత కార్డులో పేరుంటే ముందు అది తీయించాలి, లేకపోతే అదే ఆధార్ రెండుచోట్ల కనపడి దరఖాస్తు తిరిగొస్తుంది.

యాంకర్: కార్డు వచ్చాక?

అతిథి: కార్డు చేతికి రాగానే పని వచ్చినట్టు కాదు. పని కావాలని కాగితం ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోవాలి. ఆ తేదీ నుంచి 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. మొదటి 30 రోజులు కూలిలో కనీసం పావు వంతు, తర్వాత సగం. 237లో పావంటే 59 రూపాయల చిల్లర. అదీ చేతికి రావడం అరుదు. ఎందుకంటే నోటిమాటగా అడుగుతారు, పని సిద్ధమైన రోజునే కంప్యూటర్లో ఎక్కిస్తారు. ఇక రికార్డులో ఆలస్యమే కనపడదు!

యాంకర్: పనికి పోయినా 237 పడలేదని గొడవలు అయ్యాయి కదా.

అతిథి: మన దగ్గర మట్టి పనికి ఇచ్చేది రోజు కూలి కాదమ్మా, కొలత కూలి. పదిమంది గుంపు ఆరు రోజులు చేస్తే 60 పనిదినాలు. అందరికీ 237 పడాలంటే 14,220 రూపాయల విలువైన మట్టి తవ్వాలి. కొలత 9,600కే వచ్చిందనుకో, తలకు రోజుకు 160. నగరంలో టైల్స్ పనో, వాచ్‌మన్ పనో చేసినోడికి మే ఎండలో గడ్డపార మొదట్లో పట్టుబడదు. అప్పట్లో వేసవికి కొలతలో కొంత వెసులుబాటు ఇచ్చేవారు, అయినా గట్టినేల అయితే సరిపోయేది కాదు. అందుకే తవ్వకముందే టెక్నికల్ అసిస్టెంట్‌తో, అంటే పని కొలతలు రాసే ఉద్యోగితో, నేల రకం రాయించాలి. గట్టిమొరాన్ని మెత్తమట్టిగా రాస్తే రేటే తగ్గిపోతుంది, తర్వాత సరిచేయించడం మహా కష్టం.

యాంకర్: కందకం ఎంత తవ్వాలో ఎలా తెలుస్తుంది?

అతిథి: లెక్క ఘనపు మీటర్లలో ఉంటుంది. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, అరమీటరు లోతు అంటే ఒక ఘనపు మీటరు. చెరువు పూడికలోనైతే అక్కడక్కడ మట్టి దిమ్మెలు తవ్వకుండా వదలాలి. పాత నేల మట్టం ఎక్కడుందో చెప్పే సాక్షి అదే. కొలత కాకముందే దాన్ని కొట్టేస్తే లోతు మీద వాదించడానికి ఏమీ మిగలదు.

యాంకర్: డబ్బులు?

అతిథి: మస్టర్, అంటే హాజరు పట్టీ, మూసిన 15 రోజుల్లో పడాలి. ఆధార్ మీద చెల్లింపు అయితే, ఆధార్‌ను చివరిగా ఏ ఖాతాకు జోడించారో అందులోకే పోతుంది. పుణెలో సిమ్ కొన్నప్పుడు తెరిచిన ఖాతా అనుకో, మనిషికి అది గుర్తు కూడా ఉండదు. ఊరి పాస్‌బుక్ చూసుకుని పడలేదంటాడు. ఆఫీసు వాళ్లు పడిందంటారు. ఇద్దరిదీ నిజమే! బ్యాంకుకు పోయి, ఆధార్ ఈ ఖాతాకే జోడించమని కాగితం రాసిస్తే సరి.

యాంకర్: తిరిగొచ్చిన వలస కూలీలకు పని కోసం కేంద్రం జూన్ 20న మొదలుపెట్టిన గరీబ్ కల్యాణ్ రోజ్‌గార్ అభియాన్ మనకు వర్తించలేదా?

అతిథి: లేదు. ఆరు రాష్ట్రాల్లో 116 జిల్లాలు తీసుకున్నారు, తెలుగు జిల్లా ఒక్కటీ లేదు. పాలమూరు వలస అంత పాతదైనా సరే. మనవాళ్లకు ఆ వందరోజులే దిక్కయ్యాయి.