సోమవారం రాత్రి, హార్లెంలో

మిత్రులారా,

నాటకం ఎలా రాయాలో చెప్పేవాళ్లకు ఎక్కడా కొదవ లేదు. రాసింది కూర్చుని వినేవాళ్లే దొరకరు. అమెరికా నల్లజాతి నాటక రచయితలు ఆ వినేవాళ్లను ఎలా సంపాదించుకున్నారో ఈ పూట చెబుతాను.

ఫ్రాంక్ సిల్వేరా జమైకాలో పుట్టిన నటుడు. ఒంటి ఛాయ తెలుపుకు దగ్గర. అందుకని మెక్సికన్ వేషాలూ, ఇంకేవేవో జాతుల వేషాలూ ఎక్కువగా వచ్చాయి. ఆయన లాస్ ఏంజెలెస్‌లో సొంత బృందం పెట్టి, నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ రాసిన ‘ది ఆమెన్ కార్నర్’ నాటకాన్ని 1965లో బ్రాడ్వే దాకా, అంటే న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల దాకా తీసుకెళ్లాడు. 1970లో కరెంటు షాక్‌తో పోయాడు. గార్లండ్ లీ థాంప్సన్ మరికొందరితో కలిసి 1973లో న్యూయార్క్‌లోని నల్లవాళ్ల పేట హార్లెంలో ఆయన పేరిట రచయితల వర్క్‌షాప్ మొదలుపెట్టాడు. ఆ కొందరిలో మోర్గన్ ఫ్రీమన్ ఒకడు. అవును, మీరనుకుంటున్న ఆయనే. అప్పటికింకా అంత పేరు రాలేదు.

ఆ వర్క్‌షాప్‌లో సోమవారం రాత్రి నాటక పఠనం జరిగేది. న్యూయార్క్‌లో చాలా థియేటర్లకు ఆ రోజు సెలవు, నటులు ఖాళీ. సెట్టు లేదు, లైట్లు లేవు. స్క్రిప్టు చేత పట్టుకుని చదవడమే. అయ్యాక సభలోవాళ్లు మాట్లాడేవాళ్లు.

నా దృష్టిలో అసలు సంగతి ఆ సభలో ఎవరు కూర్చున్నారన్నదే. తెల్ల నిర్మాత ముందు చదివితే రచయిత తన వీధినీ, తన వంటింటినీ విడమరిచి చెప్పుకోవాలి. నాటకం సగం అక్కడే చస్తుంది. హార్లెం జనానికి వివరణ అక్కర్లేదు. అలాగని రచయిత తప్పించుకోవడమూ కుదరదు. ‘మా అమ్మ అలా మాట్లాడదయ్యా’ అని వెనక వరసలోంచి ఒకావిడ అంటే ఏం జవాబు చెబుతాడు?

నల్లజాతి నాటక రచయిత ఆగస్ట్ విల్సన్ అనగానే 1984 నాటి బ్రాడ్వే విజయం చెబుతారు. అంతకుముందు 1981లో ఆయన నాటకాన్ని వేసింది మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో ఒక కమ్యూనిటీ సెంటర్‌లో నడిచే నల్లజాతి నాటక సంస్థ పెనంబ్రా థియేటర్. బ్రాడ్వేకెళ్లిన ‘మా రైనీస్ బ్లాక్ బాటమ్’ కూడా 1982లో కొత్త నాటకాలను తీర్చిదిద్దే ఓనీల్ సెంటర్‌లో స్క్రిప్టు చదువుతూ సానపట్టిందే.

మన నాటక పరిషత్తుల్లో చాలా నాటకాలు పరాయి చెవిన పడేది నేరుగా పోటీలోనే, న్యాయనిర్ణేతల ముందు. అప్పటికి దిద్దుకునే వేళ దాటిపోతుంది.

ఇక నేను ఆపుతాను. ఒక మిత్రుడు కొత్త స్క్రిప్టు తెచ్చాడు, మనవాళ్లు చదువుతారు. బాగాలేదని చెప్పదలచినవాళ్లు బయట టీకొట్టు దగ్గర కాదు, ఇక్కడే చెప్పండి.