హోదా పేరు వేరైతే జీతం వేరు కావచ్చా?

నమస్కారం. "మా కంపెనీలో ఒకే హోదాలో ఉన్న ఆడవారికీ మగవారికీ జీతం ఒక్కటే, ఇంక వివక్ష ఎక్కడుంది?" అన్న మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే వివక్ష దాగి ఉండేది ఆ హోదా పేరులోనే.

మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు చూసిన వారికి ఇది కొత్త కాదు. ఆడవారు పొద్దంతా బురదలో నడుము వంచి నాటు వేస్తారు. మగవారు నారు కట్టలు మోస్తారు, ఒడ్లు చెక్కుతారు. నాటుకు "ఆడవారి పని" అని పేరు పడింది, ఆ పేరుతోనే కూలి తగ్గింది.

మాదాపూర్‌లో పనిచేసే మా నల్లగొండ అమ్మాయి ఒకరున్నారు. రాత్రి రెండింటికి సర్వర్ ఆగిపోతే ఆమె, పక్క సీటులోని అబ్బాయి వంతులవారీగా లేచి అదే కోడ్ సరిచేస్తారు. ఆయన "డెవలపర్", ఆమె "సపోర్ట్ ఇంజనీర్", జీతాలు వేరు. ఇదీ నాటు కూలి లెక్కే.

చట్టం పేరును కాదు, పనిని చూస్తుంది. 1976 నాటి సమాన వేతన చట్టం ప్రకారం, పనికి కావలసిన నైపుణ్యం, శ్రమ, బాధ్యత ఒకటే అయి, ఉన్న తేడాలు ఆచరణలో లెక్కలోకి రానివైతే, అది ఒకే స్వభావం గల పని. బొంబాయిలో ఆడ్రీ డికోస్టా అనే ఉద్యోగిని "కాన్ఫిడెన్షియల్ లేడీ స్టెనోగ్రాఫర్" అన్న హోదాలో మగ స్టెనోగ్రాఫర్ల కంటే తక్కువ జీతం తీసుకున్నారు. 1987లో సుప్రీంకోర్టు ఆమె పక్షానే తీర్పు చెబుతూ, యాజమాన్యానికి ఆర్థిక స్తోమత లేదన్న వాదననూ అంగీకరించలేదు. నాకు ఎంతో ఇష్టమైన తీర్పు ఇది: "లేడీ" అన్న ఒక్క మాట మీద నిలబెట్టిన తేడాను కోర్టు ఒప్పుకోలేదు.

సమయం అయిపోతోంది కనుక మిగిలినది త్వరగా చెబుతాను. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. సమానం చేసే పేరుతో మగవారి జీతం తగ్గించడానికీ అది ఒప్పుకోదు. రావలసిన వేతనం కోసం మూడేళ్లలోగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఆఫర్ లెటరు, మీరు ముగించిన టికెట్లు (సరిచేసిన సమస్యల నమోదులు), రాత్రి డ్యూటీ జాబితాలు భద్రపరచుకోండి, హెచ్‌ఆర్‌ను నోటి మాటగా కాక మెయిల్‌లోనే అడగండి.