మొలతాడు బిగుతైతే మురిసిపోకండి

నమస్కారం. ఈ మొలతాడు చూడండి. అనంతపురం పక్కన మా ఊళ్లో నాలుగేళ్ల బాబుది. నాలుగు నెలల్లో రెండుసార్లు ముడి విప్పి వదులు చేశారు. అవ్వకు ఒకటే సంబరం, బుగ్గన దిష్టిచుక్క కూడా పెట్టింది. కానీ పిల్లవాడు ఎదుగుతున్నాడా, ఒళ్లు చేస్తున్నాడా అన్నది మొలతాడు చెప్పదు. కొలిచి చూడాలి.

చెప్పులు తీయించి, గోడకు ఆనించి నిలబెట్టండి. ఆడపిల్లకు నడినెత్తిన పిలక ఉంటే విప్పండి. మడమలు, పిరుదులు, తల వెనుక భాగం గోడకు తగలాలి, చూపు తిన్నగా ఉండాలి. తలపై అట్టపుస్తకం ఆనించి, దాని కింది అంచు దగ్గర గోడమీద పెన్సిల్‌తో గీత గీయండి. నేల నుంచి గీత దాకా టేపు పట్టండి. రెండేళ్లలోపు వారినైతే పడుకోబెట్టి కొలవాలి, అది అంగన్‌వాడీలో చేయించండి. తూకమూ అక్కడే.

వయసుకు తగ్గ బరువు ఒక్కటే చూస్తే మోసపోతాం. మీటరు ఎత్తున్న పిల్లలు సాధారణంగా 15 కిలోలకు అటూఇటూ ఉంటారు. 20 ఉంటే అధిక బరువే. కార్యకర్త ఈ కొలతలను ఫోనులో పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో ఎక్కిస్తారు. 'ఎత్తుకు తగ్గ బరువు ఉందామ్మా?' అని అడగండి.

పసివాడి అధిక బరువు గుండెకూ మంచిది కాదు. గుండె ఊసు ఇప్పుడే ఎందుకంటారా? రక్తనాళాల్లో కొవ్వు చారలు చిన్నతనంలోనే మొదలవుతాయి. ఊబకాయం ఉన్న పిల్లల్లో రక్తపోటూ పెరగవచ్చు.

కూలికి వెళ్లే తల్లిని నేను తప్పుపట్టను. వేరుశనగ చేలో కలుపు తీసేటప్పుడు, గట్టుమీద ఏడ్చే బిడ్డను ఊరుకోబెట్టేది ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్టే. దాన్ని ఒకసారి వెనక్కి తిప్పండి. 100 గ్రాములకు 800 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే రెండున్నరతో గుణించండి: 2,000 మిల్లీగ్రాములు, అంటే 2 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్లకే రోజుకు 5 గ్రాములు దాటకూడదు. చిన్న ప్యాకెట్‌లో అంత ఉండదు, నిజమే. నా భయం నాలుక గురించి. ఆ ఉప్పుకు మరిగిన నాలుకకు సంగటి చప్పగా తోస్తుంది, అంగన్‌వాడీ గుడ్డు కంచంలో మిగిలిపోతుంది.

చిరుతిండిగా వేరుశనగ మంచిదే. గింజలు మాత్రం అలాగే ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా దంచి పెట్టండి.

బరువు ఎక్కువని తేలినా పస్తు పెట్టకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. చాలామందికి బరువు నిలకడగా ఉండి, ఎత్తు పెరిగితే చాలు. గోడమీద గీత చెరపకండి, మూడు నెలలకు మళ్లీ అక్కడే నిలబెడదాం.